పారనాయిడ్‌కు పదికి ఎన్ని?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ రెండో ఆల్బమ్ ‘పారనాయిడ్’ విని మార్కులు వేసి పంపమని పోయిన నెల అడిగాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు మార్కులతో పాటు తగాదాలూ, సందేహాలూ రాసి పంపారు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది 1970 సెప్టెంబర్ 18న బ్రిటన్‌లో విడుదలైంది. గిటార్ టోనీ అయోమీ, బేస్ గీజర్ బట్లర్, డ్రమ్స్ బిల్ వార్డ్, గాత్రం ఆజీ ఆస్‌బోర్న్. నలుగురిదీ బర్మింగ్‌హామ్. పాటలు ఎనిమిది, నిడివి సుమారు 42 నిమిషాలు.

ప్రశ్న: మేం ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. ఒకడు పదికి పది అంటాడు, ఇంకొకడు ఏడు దాటనంటాడు. చివరికి పాటపాటకీ మార్కులేసి ఎనిమిదితో భాగిస్తే 8.1 వచ్చింది. అంత గొప్ప ఆల్బమ్‌కి ఇంతేనా అని రాత్రంతా గొడవ. లెక్క యాడ తప్పిందంటారు?
– ఇంజనీరింగ్ విద్యార్థులు, కావలి

జవాబు: కూడిక సరిగ్గానే ఉంది, భాగహారం దగ్గరే తేడా వచ్చింది. మీరు వేసిన మార్కులు ఇవి: వార్ పిగ్స్ 10, పారనాయిడ్ 8, ప్లానెట్ క్యారవాన్ 8, ఐరన్ మ్యాన్ 9, ఎలక్ట్రిక్ ఫ్యునరల్ 7, హ్యాండ్ ఆఫ్ డూమ్ 10, ర్యాట్ శాలడ్ 5, ఫెయిరీస్ వేర్ బూట్స్ 8. మొత్తం 65, ఎనిమిదితో భాగిస్తే 8.1. ఈ లెక్కలో రెండున్నర నిమిషాల ర్యాట్ శాలడ్‌కీ ఎనిమిది నిమిషాల వార్ పిగ్స్‌కీ ఒకటే తూకం. ఆల్బమ్ వింటున్నప్పుడు మన చెవి అలా తూచదు కదా.

పాట మార్కును దాని నిమిషాలతో గుణించండి. వార్ పిగ్స్ 7 నిమిషాల 57 సెకన్లు, అంటే ఎనిమిది అనుకుంటే 80. పారనాయిడ్ 2.8 నిమిషాలు, 22.4. ప్లానెట్ క్యారవాన్ 4.5 నిమిషాలు, 36. ఐరన్ మ్యాన్ 6 నిమిషాలు, 54. ఎలక్ట్రిక్ ఫ్యునరల్ 4.9 నిమిషాలు, 34.3. హ్యాండ్ ఆఫ్ డూమ్ 7.1 నిమిషాలు, 71. ర్యాట్ శాలడ్ 2.5 నిమిషాలు, 12.5. ఫెయిరీస్ 6.25 నిమిషాలు, 50. అన్నీ కలిపితే 360.2. దాన్ని 42తో భాగిస్తే 8.6. మీ మార్కులు ఒక్కటి కూడా మార్చకుండానే అర మార్కు పెరిగింది. అయితే ఈ లెక్క పొడుగు పాటలకు మొగ్గుతుంది. పాట పొడుగ్గా ఉంది కాబట్టి మంచిదని కాదు, ఎక్కువసేపు నిలబెట్టింది కాబట్టి దాని మంచీ చెడూ ఎక్కువ లెక్కకు రావాలని.

మార్కులు వేసేముందు మీ ఫోన్‌లో ఉన్నది అసలు వరసేనో కాదో చూసుకోండి. కొత్తగా వచ్చిన ముద్రణల్లో లైవ్ పాటలు, వేరే మిక్స్‌లు వెనక తగిలిస్తారు. ఎనిమిదో పాట ఫెయిరీస్ వేర్ బూట్స్ దగ్గర ఆపేయాలి. కొన్నిచోట్ల వార్ పిగ్స్ పక్కన ‘లూక్స్ వాల్’ అనీ, ఫెయిరీస్ ముందు ‘జాక్ ద స్ట్రిప్పర్’ అనీ కనిపిస్తుంది. అవి విడి పాటలు కావు. మొదటిది వార్ పిగ్స్ చివరి వాయిద్య భాగం, రెండోది ఫెయిరీస్ మొదటి భాగం. అమెరికా ముద్రణలో వాటికి విడిగా పేర్లు పెట్టారు, అంతే. షఫుల్ నొక్కి వింటే మాత్రం ఆ మార్కులు చెల్లవు. పారనాయిడ్ పరుగు ఆగగానే ప్లానెట్ క్యారవాన్ మెత్తగా మొదలవడం, అది చల్లారాక ఐరన్ మ్యాన్ కిక్ డ్రమ్ ఒంటరిగా మోగడం, ఇదంతా వరస ఇచ్చిన బలం.

ఏడు దాటనన్న స్నేహితుడి మాట కొట్టిపారేయకండి. అతను పేరున్న మూడు పాటలు విని, మిగతావి పనుల మధ్య విని ఉంటాడని మా అనుమానం. హ్యాండ్ ఆఫ్ డూమ్ ఒక్కటి, ఫోన్ పక్కన పడేసి, మొదటి నుంచి చివరిదాకా వినిపించండి. అప్పుడూ ఏడే అంటే ఆ ఏడుకు విలువ ఇవ్వాలి. ర్యాట్ శాలడ్‌కు మేమైతే ఆరు వేస్తాం. అందులో వార్డ్ డ్రమ్ సోలో పొట్టిదే అయినా పొందికగా ఉంటుంది.

ప్రశ్న: గ్రానైట్ పాలిషింగ్‌లో పనిచేస్తా. ఏడాది కిందట మెషీన్‌లో పడి ఎడమ చేతి నడిమి వేలు, ఉంగరం వేలు కొనలు పోయినాయి. గాయం పూర్తిగా మానింది. అంతకుముందు గిటార్ నేర్చుకుంటా ఉన్నా. అయోమీకి కూడా ఇట్టాగే అయిందంట, నిజమేనా అన్నా? నేను మళ్ళీ వాయించగలనా?
– చీమకుర్తి

జవాబు: నిజమే తమ్ముడూ. అయోమీకి అప్పుడు పదిహేడేళ్ళు. రేకుల ఫ్యాక్టరీలో ఆ రోజు ఆఖరి డ్యూటీ. ప్రెస్ కింద పడి కుడి చేతి నడిమి, ఉంగరం వేళ్ళ కొనలు తెగిపోయాయి. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కేది కుడి చేతితోనే. అంటే నీకు పోయిన వేళ్ళే ఆయనకూ పోయాయి. ఇక గిటార్ లేదనుకుని కుమిలిపోతుంటే, ఫ్యాక్టరీలో పైఅధికారి గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. రైన్‌హార్ట్ చెయ్యి అగ్నిప్రమాదంలో కాలిపోయాక రెండు వేళ్ళతోనే సోలోలు వాయించిన మహానుభావుడు. ఆ తర్వాత అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు అతికించుకున్నాడు. అప్పట్లో సన్న గిటార్ తీగలు దొరక్క బాంజో తీగలు కట్టుకున్నాడు. నువ్వు ఇప్పుడు వింటున్న ఆల్బమ్ మొత్తం ఆ తొడుగులతో వాయించిందే.

నీ సంగతికి వద్దాం. ముందు వేలి కొనను బల్ల మీద మెల్లగా తట్టి చూడు. కరెంటు కొట్టినట్టు జివ్వుమంటే తెగిన నరం దగ్గర ముడి కట్టి ఉండొచ్చు. అప్పుడు గిటార్ పక్కన పెట్టి చేతి సర్జన్‌కు చూపించు. మొద్దుబారినట్టు ఉంటే ఫర్వాలేదు, మొదలుపెట్టొచ్చు.

తొడుగుకు ప్లాస్టిక్ కరిగించాల్సిన అవసరం ఇప్పుడు లేదు. వేలికి తొడిగే సిలికాన్ క్యాప్‌లు మందుల షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. అవి మరీ మెత్తన. అలాగే నొక్కితే తీగ మోత వెంటనే చచ్చిపోతుంది. అందుకని తీగకు తగిలే చోట ఒక మిల్లీమీటరు మందం తోలు ముక్క, గోరంత సైజులో కోసి అతికించు. తోలు నునుపు వైపు బయటికి ఉండాలి. గరుకు వైపు బయటికి పెడితే తీగను బాగా పట్టుకుంటుంది కానీ పక్క ఫ్రెట్‌కు (మెడ మీది అడ్డగీతల మధ్య గడికి) జారేటప్పుడు ఇరుక్కుంటుంది. రెండు మిల్లీమీటర్లు దాటితే తీగ ఎక్కడుందో వేలికి తెలియదు. జిగురు క్యాప్‌కే పూయాలి, చర్మానికి సూపర్ గ్లూ తగలనివ్వకు. క్యాప్ జారకుండా కింది కణుపు దగ్గర సర్జికల్ టేప్ ఒక చుట్టు చాలు. మన ఎండల్లో పది నిమిషాలకే లోపల చెమట పట్టి తొడుగు తిరుగుతుంది. టాల్కమ్ పౌడర్ చల్లుకో. ఎప్పుడూ రెండో జత దగ్గర ఉంచుకో.

అకౌస్టిక్ వద్దు, ఎలక్ట్రిక్ గిటారే తీసుకో. 09–42 తీగలు (సన్న తీగ, మందపు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) కట్టించు, అవీ గట్టిగా ఉంటే 08–38. శృతి అర స్వరం తగ్గిస్తే ఇంకా వదులవుతాయి. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (కింద తీగలు ఆనే చోటు) దాకా తీగ పొడవు 24.75 అంగుళాలున్న గిటార్లలో అదే తీగ 25.5 అంగుళాల వాటికన్నా మెత్తగా ఉంటుంది. అయోమీ వాయించిన గిబ్సన్ ఎస్‌జీ ఆ పొట్టి కొలతదే. మొదటి నెల పవర్ కార్డ్స్ (రెండు స్వరాలే కలిపి మీటే కార్డులు) చూపుడు వేలు, చిటికెన వేలితోనే పట్టు. తొడుగు వేళ్ళను ఒక్కో తీగ నొక్కడానికి మాత్రమే వాడు. తీగ వంచేటప్పుడు ఎంత వంగిందో వేలు చెప్పదు, కాబట్టి ట్యూనర్ ఎదురుగా పెట్టుకుని చెవికి అలవాటు చెయ్యి. రోజుకు పదిహేను నిమిషాలు, అంతకు మించొద్దు. ఒక నెల గడిచాక మాకు రాయి.

ప్రశ్న: మా బ్యాండ్‌లో ఇద్దరం గిటార్లు. ఐరన్ మ్యాన్ ఎంత బరువుగా వాయిద్దామన్నా బురదబురదగా వస్తోంది. గెయిన్ పదికి పెట్టాం, బేస్ పదికి పెట్టాం, శృతి కూడా సి షార్ప్‌కి దించాం. ఇంకేం చెయ్యాలి?
– నెల్లూరు

జవాబు: చేసినవన్నీ వెనక్కి తీసుకోవాలి.

శృతి దించి వాయించడం అయోమీ మొదలుపెట్టింది దీని తర్వాతి ఆల్బమ్‌లో, 1971లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో. పారనాయిడ్ ఆల్బమ్ మామూలు ఇ శృతిలో ఉంది. సన్న తీగలు సి షార్ప్‌కు దించితే వేలాడతాయి. మీటగానే శృతి పైకి పోయి మళ్ళీ కిందికి వస్తుంది. ఇద్దరూ ఒకేసారి మీటితే ఆ రెండూ కలవవు. మీరు బురద అంటున్నది సగం ఇదే. పాడేవాడికి ఆజీ ఎత్తు అందకపోతే అర స్వరం దించుకోండి, చాలు. నిజంగా సి షార్ప్ కావాలంటే 11 నుంచి మొదలయ్యే సెట్ కట్టి, బ్రిడ్జ్ దగ్గర ఇంటోనేషన్ (మెడ మీద ఎక్కడ నొక్కినా శృతి సరిగ్గా రావడం) మళ్ళీ సరిచేయించాలి.

మిగతా సగం గెయిన్, అంటే ఆంప్లిఫయర్‌లో మోతను పగలగొట్టే మీట. అయోమీ గిటార్‌కూ లేనీ ఆంప్లిఫయర్‌కూ మధ్య ట్రెబుల్ బూస్టర్ పెట్టేవాడు. పేరులోనే ఉంది, పెంచేది పై స్వరాలను. కింది స్వరాలు తక్కువగా లోపలికి పోతే ఆంప్లిఫయర్ వాల్వుల్లో మోత పగిలినా కార్డు విడివిడిగా వినిపిస్తుంది. కింది స్వరాలు నిండుగా పోసి పగలగొడితే ముద్దయిపోతుంది. మరి ఆ కింది బరువు ఎక్కడిది? బట్లర్ బేస్ నుంచి. రిఫ్‌ను (పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్కను) అతనూ గిటార్‌తో కలిసే వాయిస్తాడు. మీ గిటార్లు రెండూ బేస్ జాగాలోకి దిగిపోయి అతన్ని మింగేస్తున్నాయి.

గెయిన్ 5, బేస్ 4, మిడ్ 7, ట్రెబుల్ 5 దగ్గర మొదలుపెట్టండి. గదిలో ఒక్కరే వాయిస్తే పల్చగా అనిపిస్తుంది, భయపడకండి. బేస్, డ్రమ్స్ కలిశాక వినండి. ఇద్దరు గిటారిస్టులూ ఒకే మోత పెట్టుకోకూడదు, ఒకరు గెయిన్ ఇంకో మెట్టు తగ్గించాలి.

రిఫ్ మందపు తీగ మీద పవర్ కార్డ్స్‌గా, ఫ్రెట్ నంబర్లు ఇవి: 7, తర్వాత 10-10, 12-12. ఆపైన 15-14-15-14-15-14, మళ్ళీ 10-10, 12-12. ఎక్కువమంది చేసే తప్పు ఆ 15-14 దగ్గర తొందరపడటం. మెట్రోనోమ్ 60కి పెట్టి, ప్రతి కార్డు పూర్తిగా మోగాక అరచేతి అంచుతో తీగలు మూసి, తర్వాతది మీటండి. రెండు కార్డుల మధ్య ఆ నిశ్శబ్దం శుభ్రంగా ఉంటేనే తర్వాతి దెబ్బ సుత్తిలా పడుతుంది. గెయిన్ పదిలో ఉంటే ఆ ఖాళీలో ‘స్‌స్‌’ అని రొద నిండిపోతుంది. ఈ ఆల్బమ్ బరువంతా ఖాళీల్లోనే ఉంది. పాట మొదట్లో ఆ మూలుగు లాంటి శబ్దం కావాలంటే విడి ఇ తీగను మీటి, నట్‌కు అవతల, ట్యూనింగ్ కీల వైపు ఉన్న తీగను వేలితో కిందికి నొక్కి మెల్లగా వదలండి.

ప్రశ్న: రాత్రిళ్ళు రొయ్యల గుంట కాడ కాపలా ఉంటాను. ఏరేటర్ల మోతలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే ఈ ఆల్బమ్‌లో బేస్ వినపడదు, కొన్నిచోట్ల గిటార్ కూడా సగం మాయమవుతోంది. ఫోన్ లోపమా, పాటల లోపమా?
– విడవలూరు

జవాబు: రెండూ కాదు. మీరు ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటున్నారు కదూ? ఏరేటర్ ఆగిందో లేదో తెలియాలి కాబట్టి ఇంకో చెవి ఖాళీగా ఉంచాల్సిందే, అది మంచి పనే. కానీ ఈ ఆల్బమ్‌ను రెండు చెవులకు విడదీసి కలిపారు. ‘పారనాయిడ్’ పాటలో సోలో చూడండి. ఒక పక్క మామూలు గిటార్ మోగుతుంటే, ఇంకో పక్క అదే సోలో శబ్దాన్ని మార్చే రింగ్ మాడ్యులేటర్ అనే పరికరంలోంచి పోయి గరగరమని లోహం కోసినట్టు వస్తుంది. ఒక చెవితో వింటే అందులో ఏదో ఒకటే దక్కుతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్ళి మోనో ఆడియో ఆన్ చేయండి. రెండు పక్కలదీ కలిపి ఒకే చెవికి వస్తుంది. ఇంటికి వెళ్ళాక ఆఫ్ చేయడం మర్చిపోకండి.

బేస్ సంగతి వేరు. బేస్ గిటార్ మందపు తీగ మోగేది సెకనుకు 41 కంపనాల దగ్గర. మోటారు గుయ్‌మనేదీ, చక్రాలు నీళ్ళు కొట్టే చప్పుడులో పెద్ద భాగమూ ఆ కింది స్వరాల్లోనే ఉంటాయి, కాబట్టి మొదట మునిగేది బేసే. ఈక్వలైజర్‌లో బేస్ పెంచడం దారి కాదు, మిగతాది చెడిపోతుంది. చెవి రంధ్రాన్ని బిగుతుగా మూసే రబ్బరు మొన ఉన్న ఇయర్‌ఫోన్ వాడండి. సైజు కుదిరితే సౌండ్ పెంచకుండానే బేస్ తిరిగి వస్తుంది. మొన వదులుగా ఉంటే ఎంత ఖరీదైనదైనా బేస్ కారిపోతుంది.

మోతను మించి వినాలని సౌండ్ పెంచుతూ పోవద్దు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు, 90కి పెరిగితే నాలుగే గంటలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గుంట దగ్గర ప్లానెట్ క్యారవాన్ వినడం మానేసి ఇంట్లో వినండి. ఆజీ గొంతును తిరిగే లెస్లీ స్పీకర్‌లోంచి పంపి తీశారు. నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుండే ఆ వణుకు నిశ్శబ్దంలోనే వినబడుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. గదిలో తలుపేసుకుని ఈ పాటలే వింటుంటాడు. ఇవి దెయ్యాన్ని పూజించే పాటలని పక్కింటావిడ చెప్పింది. మాన్పించమంటారా?
– ఒక తల్లి, కందుకూరు

జవాబు: వద్దమ్మా. బ్యాండ్ పేరు ఒక పాత భయం సినిమా నుంచి తీసుకున్నారు, ఆ పేరు చూసి పుట్టిన మాట ఇది. ఈ ఆల్బమ్‌లో పాటల మాటలు ఎక్కువగా బట్లర్ రాసినవి. మొదటి పాట వార్ పిగ్స్‌కు ముందు అనుకున్న పేరు ‘వాల్పర్గిస్’, మంత్రగత్తెల రాత్రి అని. అది అలా నిలవలేదు. పాటగా వచ్చింది యుద్ధం మీద కోపం. యుద్ధం రగిలించే నాయకులు ఇంట్లో దాక్కుంటారు, చావడానికి పేదవాళ్ళను పంపుతారు, తీర్పు రోజున ఆ నాయకులే మోకాళ్ళ మీద పడతారు. హ్యాండ్ ఆఫ్ డూమ్ వియత్నాం నుంచి వచ్చిన అమెరికా సైనికులు హెరాయిన్‌కు బానిసలై నాశనమవడం గురించి. ఎలక్ట్రిక్ ఫ్యునరల్ అణుబాంబు తర్వాతి లోకం. వీటిలో పొగడటానికి రాసింది ఒక్కటీ లేదు, మూడూ హెచ్చరికలే. ఐరన్ మ్యాన్ కూడా పిల్లల బొమ్మల కథల్లో వీరుడు కాదు. భవిష్యత్తులో నాశనం చూసి, హెచ్చరించడానికి తిరిగొస్తూ ఉక్కుగా మారినవాడు. జనం పట్టించుకోకపోతే ఆ నాశనం తనే చేస్తాడు.

పేరు పాట ‘పారనాయిడ్’ మాత్రం మనసు కుంగిపోయినవాడి మాట. మీ అబ్బాయి దాన్నే మళ్ళీ మళ్ళీ వింటుంటే పాట ఆపకండి, పక్కన కూర్చుని అర్థం చెప్పమనండి. నిద్ర, తిండి, స్నేహితులు మామూలుగా ఉంటే బెంగ అక్కర్లేదు. అవి తప్పితే కారణం పాట కాదు. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు.

ప్రశ్న: డ్రమ్స్ వాయిస్తాను. మా వాళ్ళు నా వార్ పిగ్స్ ‘మెటల్‌లా లేదు, ఇంకా నింపు’ అంటారు. డబుల్ బేస్ పెడల్ కొన్నాను. అయినా కుదరడం లేదు.
– ఒంగోలు

జవాబు: ఆ పెడల్ ఈ పాటకు వద్దు, పెట్టెలో పెట్టండి. వార్ పిగ్స్ మొదటి భాగం తిశ్ర నడక, నిదానంగా ‘తకిట తకిట’. చాలామంది దాన్ని చతురశ్రంలో నాలుగు నాలుగుగా కొట్టేస్తారు, వెంటనే ఆ ఊగు చచ్చిపోతుంది. పెళ్ళి ఊరేగింపులో డప్పు తీన్‌మార్‌కు మీ చెయ్యి అలవాటే కదా, ఆ మూడు మూళ్ళ ఊగే ఇక్కడ చాలా నిదానంగా కావాలి. వార్డ్ జాజ్ వింటూ పెరిగినవాడు, జాజ్ డ్రమ్మర్ జీన్ క్రుపాను గురువుగా భావించినవాడు. అతని చేతిలో మెటల్ నడవదు, ఊగుతుంది. ఫెయిరీస్ వేర్ బూట్స్‌లో అది ఇంకా స్పష్టం.

తర్వాత చరణంలో నడక ‘తకధిమి’కి మారుతుంది. అక్కడ గిటార్, బేస్ కలిసి రెండు దెబ్బలు కొట్టి ఆగిపోతాయి. మిగిలేది ఆజీ గొంతు, దాని కింద హై-హాట్. ఆ కాసేపు పాట మొత్తాన్ని మోసేది రెండు ఇత్తడి తాళాల మధ్య ఆ చిన్న చప్పుడే. నింపమంటున్న మీ వాళ్ళకు ఆ చోటు హెడ్‌ఫోన్స్‌లో వినిపించండి. హై-హాట్ పూర్తిగా మూయకండి, పూర్తిగా తెరవకండి, తాళాలు రెండూ కొద్దిగా రాసుకునేలా కాలు సడలించండి. అక్కడ రోల్ వేస్తే గాయకుడి మాట మునిగిపోతుంది, తర్వాత పడే రెండు దెబ్బలకూ విలువ పోతుంది. ముందు హై-హాట్ ఒక్కటే పట్టుకుని, ఎవరూ వాయించకుండా, చరణం మొత్తం వేగం జారకుండా నిలబెట్టండి. ఫోన్‌లో రికార్డు చేసి వింటే ఖాళీల్లో ఎంత తొందరపడుతున్నారో తెలుస్తుంది. పాట చివర వేగం పెరిగిపోవడం మాత్రం మీరు అనుకరించొద్దు, అది టేపును వేగంగా తిప్పి చేసింది.

ప్రశ్న: సముద్రం దగ్గర ఇల్లు. తీగలు రెండు వారాలకే తుప్పు పడుతున్నాయి.
– సింగరాయకొండ

జవాబు: ఉప్పు గాలి ఒకటి, చేతి చెమట రెండోది. వాయించిన వెంటనే పొడి నూలు గుడ్డతో తీగ చుట్టూ, అడుగున కూడా తుడవండి. పైన మాత్రమే తుడిస్తే తుప్పు కింద నుంచి మొదలవుతుంది. గోడకు వేలాడదీయకుండా కేసులో పెట్టి, సిలికా జెల్ సంచులు నాలుగు వేసి, అవి రంగు మారితే మార్చండి. పూత ఉన్న తీగలు ఖరీదు ఎక్కువైనా మీ దగ్గర అవే గిట్టుబాటు. కొబ్బరి నూనె రాయొద్దు, దుమ్ము పట్టి మోత మూసుకుపోతుంది.

ప్రశ్న: పేరు పారనాయిడ్, అట్ట మీద కత్తి, డాలు పట్టుకున్న మనిషి. ఏంది సంబంధం?
– కోవూరు

జవాబు: సంబంధం లేదు. ఆల్బమ్‌కు అనుకున్న పేరు వార్ పిగ్స్, బొమ్మ దాని కోసం తీసింది. ఆల్బమ్‌లో ఇంకో పొట్టి పాట కావాలంటే అప్పటికప్పుడు అరగంట లోపే కట్టిన పాట ‘పారనాయిడ్’. సింగిల్‌గా వదిలితే బ్రిటన్‌లో నాలుగో స్థానానికి ఎక్కింది. కంపెనీ ఆల్బమ్ పేరు మార్చింది, అట్ట మాత్రం అలాగే ఉండిపోయింది. ఇంకో విడ్డూరం, ఆ పాటలో ‘పారనాయిడ్’ అన్న మాట ఒక్కసారి కూడా రాదు.

ప్రశ్న: మొదటి ఆల్బమ్, పారనాయిడ్, మాస్టర్ ఆఫ్ రియాలిటీ, ఈ మూడింటిలో ఏది గొప్పది? మా బావ మూడోదే అంటాడు. తేల్చి చెప్పండి.
– ఆత్మకూరు

జవాబు: మీ బావగారు గిటార్ వాయిస్తారని మా ఊహ. గిటార్ మోత ఒక్కటే తూచితే మాస్టర్ ఆఫ్ రియాలిటీదే పైచెయ్యి, అందులో సందేహం లేదు. మొదటి ఆల్బమ్‌ను 1969 అక్టోబర్‌లో ఒక్క రోజులో తీశారు. ఆ పచ్చిదనం తర్వాత మళ్ళీ రాలేదు, కానీ రెండో వైపు సాగదీత ఎక్కువ.

మేం పారనాయిడ్ పక్షం. కారణం నలుగురూ విడివిడిగా వినిపిస్తారు, అయినా ఒక్క దెబ్బగా పడతారు. మూడో ఆల్బమ్‌లో గిటార్ గోడలా నిలబడుతుంది, మిగతావాళ్ళు ఆ నీడలో ఉంటారు. పారనాయిడ్‌లో లోపాలు లేవని కాదు. ఎలక్ట్రిక్ ఫ్యునరల్ రిఫ్ అవసరానికి మించి తిరుగుతుంది, మధ్యలో వేగం మారకపోతే ఆరు కూడా వేసేవాళ్ళం కాదు. మొదటి వైపు నాలుగు పాటలతో పోలిస్తే రెండో వైపు ఎగుడుదిగుడు. ఆ వైపును నిలబెట్టేది హ్యాండ్ ఆఫ్ డూమ్. బేస్ ఒంటరిగా, పిల్లి అడుగులా మొదలవుతుంది. డ్రమ్స్ అంచు మీద తట్టినట్టు ఉంటాయి. చాలాసేపు ఏమీ జరగదనిపిస్తుంది. అప్పుడు గిటార్ మొత్తంగా మీద పడుతుంది, మళ్ళీ ఖాళీ అవుతుంది. సూది గుచ్చుకున్నవాడికి ఎక్కి దిగే మత్తు అదే కొలతలో వాయించారు.

బావగారితో తేల్చుకోవాలంటే మూడు పాటలు వరసగా పెట్టండి: మొదటి ఆల్బమ్ పేరు పాట, హ్యాండ్ ఆఫ్ డూమ్, మూడో ఆల్బమ్‌లో చిల్డ్రన్ ఆఫ్ ద గ్రేవ్. ఒక షరతు. యాప్ సెట్టింగ్స్‌లో అన్ని పాటల సౌండ్ సమానం చేసే నార్మలైజేషన్ ఆన్‌లో ఉండాలి. లేకపోతే ఎక్కువ సౌండ్‌తో రీమాస్టర్ చేసిందే మంచిదని చెవి మోసపోతుంది. మూడూ పూర్తయ్యేదాకా ఇద్దరూ మాట్లాడకుండా విని, మార్కులు కాగితం మీద రాశాకే నోరు విప్పండి.